చేతి మీద పొడిపించుకున్న పేరు

నా కుడిచేతి మణికట్టు మీద అర్ధరూపాయి బిళ్లంత నల్లమచ్చ ఒకటి ఉంది. దానికి బెత్తెడు పైన పచ్చబొట్టు ఉంది. ఇదివరకు అందరూ మచ్చ గురించి అడిగేవాళ్లు, ఇప్పుడు పచ్చబొట్టు గురించి అడుగుతున్నారు. మొగుడి పేరా అంటారు, కాదంటాను. దేవుడి పేరా అంటారు, కాదంటాను. ఒకావిడ మా పుట్టింటి పేరేమో అని కూడా అనుకుంది. ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను. ఎవరి ఒంటిమీదైనా ఇలాంటి మచ్చలుంటే వాళ్లకి పనికొస్తుంది. అలాంటి మనిషికి వేరే గ్లాసులో నీళ్లిస్తున్న వాళ్లెవరైనా చదివితే మరీ మంచిది.

నా పేరు పైడితల్లి. మాది విజయనగరం పక్క పల్లె. పెళ్లయ్యాక టాటానగర్ వచ్చాను. మా ఆయన సింహాచలం రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరు. రెండు గదుల క్వార్టరులో ఆయన, నేను, మా అత్త సూరమ్మ, మా కూతురు చిట్టి ఉండేవాళ్లం. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నాను. కుట్టుమిషను మీద జాకెట్లు కుడతాను. మా క్వార్టర్ల వరసలో తెలుగువాళ్లకీ, బీహారీ ఆడవాళ్లకీ అందరికీ నేనే కుట్టేదాన్ని.

1977 ఫిబ్రవరి

ముందు జ్వరం వచ్చింది. చలి పోయే రోజుల్లో అందరికీ వచ్చేదే. మా ఆయనకి ఇంజన్ల కింద వంగి వంగి నడుము పట్టేసేది, దానికి ఏవో తెల్లబిళ్లలు తెచ్చుకునేవాడు. గుండ్రంగా, మధ్యలో గీతతో ఉండేవి. మా అత్త లెక్కలో ఆ బిళ్లకి తగ్గని నొప్పి లేదు. మోకాలికీ అదే, తలకీ అదే, జ్వరానికీ అదే. నాలుగైదు ఎప్పుడూ కొంగున ముడేసుకుని తిరిగేది.

"ఏసుకోయే పైడీ, తెల్లారికి తగ్గిపోద్ది" అని తనే నోట్లో వేసింది.

నాలుగు రోజులు వేసుకున్నాను. జ్వరం తగ్గింది. ఐదో రోజు మధ్యాహ్నం మిషను ముందు కూర్చుంటే మణికట్టు మీద ఇస్త్రీపెట్టె తగిలినట్టు చురుక్కుమంది. చూస్తే ఎర్రగా గుండ్రంగా కందిపోయి ఉంది. సాయంత్రానికి నాలుగయ్యాయి. మణికట్టు మీద ఒకటి, ఎడమచేతి వెనక ఒకటి, కుడి మోకాలి పైన ఒకటి, కింది పెదవి మూల ఒకటి. పెదవి మీద పొక్కి నీరు కారింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి.

మా అత్త నా పెదవి చూసి రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత చేతులు జోడించింది. కోడలికి కాదు, నా ఒంటిమీదికి వచ్చిందనుకున్న అమ్మవారికి.

"తల్లీ, వచ్చినావా. నా బిడ్డల్ని సల్లగా సూడు."

ఆవిడని తప్పు పట్టడానికి లేదు. అంతకు మూడేళ్ల కిందటే టాటానగర్‌లో మశూచి తిరిగింది. దానికి చాలా ముందు, మా అత్తవారి పల్లెలో, ఆవిడ తొలిచూలు బిడ్డ అమ్మవారు పోసే పోయాడు. ఒంటిమీద ఎర్రగా ఏది కనిపించినా ఆవిడకి ఆ పిల్లవాడే గుర్తుకొస్తాడు.

గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో తాళింపు వాసన రాకూడదు. మా ఆయన పడక వరండాలోకి పోయింది. నేను తల దువ్వుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, అమ్మవారున్న ఇంట్లో మందు మాట ఎత్తకూడదు. మా అత్త తొమ్మిది రోజులు నా పక్కనే కూర్చుని వేపమండతో విసిరింది. మా అమ్మ కూడా అంత సేవ చేసి ఉండదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత జరిగింది చదివి మీరు ఆవిడని రాక్షసి అనుకుంటే నేను ఒప్పుకోను.

తొమ్మిదో రోజుకి మచ్చలు చల్లబడి నల్లబడ్డాయి. వేపాకూ పసుపూ కలిపిన నీళ్లు పోశారు. అమ్మవారు దయతో వెళ్లిపోయిందన్నారు. నేనూ అనుకున్నాను. వెళ్లేటప్పుడు ఆవిడకి ఒక మొక్కు మొక్కుకోవాలి కదా. తొమ్మిది మంగళవారాలు, పొద్దు గూకే దాకా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఉపవాసం.

మార్చి, ఏప్రిల్

నాకు వేళకి తిండి పడకపోతే తల పగిలిపోతుంది. చిన్నప్పటినుంచీ అంతే. మొదటి మంగళవారం పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాను. రెండో మంగళవారం మూడు గంటలకల్లా సూదిలో దారం ఎక్కించలేక మిషను మీదికి వాలిపోయాను. మా అత్తకి జాలేసింది. కొంగుముడి విప్పింది.

"బిళ్ల తిండి కాదు గదే. ఇది ఏసుకుంటే మొక్కు పోదు. పసుపునీళ్లతో మింగీ."

మింగాను. తల తగ్గింది. దీపాలవేళకి మణికట్టు చురుక్కుమంది. అవే నాలుగు చోట్లు. వెంట్రుకవాసి కూడా పక్కకి జరగలేదు. ఎవరో గుర్తు పెట్టుకుని వచ్చి మళ్లీ వాత పెట్టినట్టే ఉంది.

మా అత్త మంచం మీద కూలబడింది. "మొక్కులో ఏదో లోటు సేసినాం. తల్లికి కోపవొచ్చింది." తొమ్మిది మంగళవారాలు ఇరవైఒకటి అయ్యాయి. కొత్తగా నేలపడక వచ్చి చేరింది. పైగా నా పేరే అమ్మవారి పేరు. ఆ పేరు పెట్టుకుని అశ్రద్ధ చేశానని అందరూ ఒకటే అనడం. ఆ పేరు నేను పెట్టుకోలేదు, మా నాన్న పెట్టాడు అని ఒకసారి అన్నాను. అదీ లోటులో కలిపేశారు.

ఏప్రిల్ చివరికి మచ్చలు మూడుసార్లు వచ్చి వెళ్లాయి. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త నల్లబడ్డాయి. కుళాయి దగ్గర నా బిందె ముందున్నా వెనకున్నా చుట్టూ చోటు ఖాళీగా ఉండేది. ఒకే మనిషికి అమ్మవారు ఇన్నిసార్లు రాదు అని మొదట ఒకరన్నారు. మరి ఏది వస్తుంది అని ఇంకొకరన్నారు. ఆ తర్వాత మాట నా ముందు ఎవరూ అనలేదు. మా పక్క క్వార్టరులో సావిత్రీ దీదీ అని ఒక బీహారీ ఆవిడ ఉంది, ఆవిడే ఇంట్లోకి వచ్చి నా ముందు కూర్చుని చెప్పింది. "కోఢ్ అంటున్నారు నిన్ను. నీకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను" అంది హిందీలో.

కోఢ్ అంటే కుష్టు. మా పల్లెల్లో ఆ పేరు నోటితో అనరు, పెద్దరోగం అంటారు. ఆ వారంలోనే ముగ్గురు వచ్చి కుట్టకుండా ఉన్న గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. ఒకామె కొలత జాకెట్టు మాత్రం వదిలేసి పోయింది. నేను ముట్టుకున్నాను కదా.

మే

ఊరికి అవతల ఉన్న భుయ్యాడీహ్ నుంచి మా ఆడపడుచు గౌరమ్మ వచ్చింది. మా ఆయనకి అక్క, నాకు వదిన. ఇద్దరు మగపిల్లలు, ఎదిగినవాళ్లు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"పైడీ, నీ మీద నాకు పగేటీ నేదు. గుంటకి అంటుకుంటే ఏటి సేత్తావు? సెప్పు."

గుంటంటే మా చిట్టి, దానికప్పటికి ఏడాదిన్నర. నా కాళ్లు పట్టుకుని నిలబడి ఉంది. నేను మా ఆయన వంక చూశాను. ఆయన నేల వంక చూశాడు.

"ఎన్నాళ్లు వదినా?" అన్నాను.

"తగ్గీదాకా."

"తగ్గకపోతే?"

చిట్టి గౌన్లు నా చేతులతో నేనే మడతపెట్టి సంచీలో పెట్టాను. నాకు ఇన్నేళ్లయినా మింగుడు పడనిది అదొక్కటే. ఎవరూ లాక్కుపోలేదు, నేనే సర్ది ఇచ్చాను. పిల్ల వదిన చంకనెక్కి, షికారు అనుకుని నవ్వుతూ వెళ్లింది.

వారానికోసారి చూడటానికి వెళ్లేదాన్ని. నాకు వరండాలో పీట వేసేవాళ్లు. పిల్లని గుమ్మం లోపల నిలబెట్టి చూపించేవాళ్లు. మూడోసారి వెళ్లినప్పుడు చిట్టి నన్ను చూసి వదిన కుచ్చిళ్లలో మొహం దాచుకుంది. ఆవిడని "అమా" అని పిలిచింది. వదిన కంగారుపడి "అత్తనే, అత్తనే" అని సరిదిద్దింది. ఆవిడ సరిదిద్దడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తిరిగొచ్చేటప్పుడు సువర్ణరేఖ నది ఒడ్డున చాలాసేపు కూర్చున్నాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. కోపం వచ్చింది. మొగుడి మీదా, వదిన మీదా, కుళాయి మీదా, అమ్మవారి మీద కూడా. ఆ కోపమే నన్ను నిలబెట్టింది. జబ్బుపడ్డ మనిషిని ఓపిక పట్టమని అందరూ చెబుతారు. ఓపిక పట్టినంతకాలం నా కూతురు ఇంకొకరిని అమ్మా అని పిలిచింది.

జూన్

ఆ మంగళవారం పొద్దున్నే వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను. గిన్నెలో చద్దన్నం, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మా అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"మంగళారమే ఇయ్యాల."

"తెలుసత్తా."

కడుపునిండా తిన్నాను. తిని, చెయ్యి కడుక్కుని, మణికట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రానీ, ఎంత కోపం వస్తుందో చూద్దామని. సాయంత్రమైంది. తలనొప్పి లేదు, చురుకు లేదు, ఎరుపు లేదు. మర్నాడూ లేదు.

తర్వాతి మంగళవారానికి నా ధైర్యం నీరుగారింది. నా పంతానికి చిట్టికేమైనా అవుతుందేమోనని భయపడి ఉపవాసం ఉన్నాను. మూడింటికి తల పగిలింది. అత్త బిళ్ల ఇచ్చింది. దీపాలవేళకి నాలుగూ ఎర్రబడ్డాయి.

"అత్తా, ఉపవాసం ఉంటే కోప్పడి, తింటే ఊరుకునే అమ్మవారు ఎక్కడైనా ఉందా?" అని అడిగాను. ఆవిడ చెవులు మూసుకుంది.

పెద్ద డాక్టరుకి చూపించుకుంటానని మా ఆయనతో అన్నాను. ఆయన గొంతు తగ్గించాడు. "ఆ డాకటేరు అదేనని రాసిత్తే? షెడ్డులో తెలిసిపోద్ది. క్వార్టరు కాళీ సెయ్యమంటారు. అమ్మ ఎక్కడికెల్తాది?" ఆయన భయం ఆయనకి నిజమే. కానీ నా కూతురు భుయ్యాడీహ్‌లో ఉంది. ఆయన డ్యూటీకి వెళ్లాక సావిత్రీ దీదీని తోడు తీసుకుని బస్సెక్కి బిష్టుపూర్ వెళ్లాను.

చర్మం డాక్టరు గారి గదిముందు బల్లమీద ఆరుగురున్నాం. అందరం ఏదో ఒక చర్మం బాధతో వచ్చినవాళ్లమే, అయినా నా పెదవి చూసి ఇద్దరు పక్కకి జరిగారు. గోక్కుంటున్న మనిషి కూడా జరిగాడు, అతన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒక సర్దార్జీల ముసలావిడ మాత్రం నారింజపండు ఒలిచి, తొనలు నా అరచేతిలో పెట్టి, తన చెయ్యి కాసేపు అలాగే ఉంచింది. ఆవిడ పేరు నాకు తెలియదు. నాలుగు నెలల తర్వాత నా చేతిని మా ఇంటి బయటి మనిషి ముట్టుకోవడం అదే మొదలు.

డాక్టరు గారు బెంగాలీ, ముసలాయన. కళ్లు మూసుకోమని మచ్చల మీద దూదితో రాశారు, సూదితో గుచ్చారు. తెలుస్తోందా అని ప్రతిసారీ అడిగారు. తెలుస్తోందన్నాను. కళ్లు తెరవమని, తాపీగా, "కోఢ్ నహీఁ హై" అన్నారు. కుష్టు కాదు. సావిత్రీ దీదీ నా భుజం గట్టిగా పట్టుకుంది.

అక్కడితో లేచి వచ్చేయవచ్చు. నేను లేవలేదు. నాకొచ్చిన వంకర హిందీలో అమ్మవారి మీద ఫిర్యాదు మొదలుపెట్టాను. తింటే రావు, ఉపవాసం ఉంటే వస్తాయి, ఇదెక్కడి న్యాయం అని అడిగాను. రాసుకుంటున్న ఆయన కలం కింద పెట్టారు.

"ఉపవాసం ఉంటే నీకేమవుతుంది?"

"తలనొప్పి."

"తలనొప్పి వస్తే ఏం చేస్తావు?"

"మా అత్త బిళ్ల ఇస్తుంది."

"మచ్చలు మొట్టమొదట వచ్చినప్పుడు?"

"జ్వరం. బిళ్ల వేసుకున్నాను."

నా నోటితో నేను చెప్పినవే నాకు వరసగా వినిపించాయి. మచ్చలు పోవాలని ఉపవాసం. ఉపవాసానికి తలనొప్పి. తలనొప్పికి బిళ్ల. బిళ్లకి మచ్చలు. అమ్మవారున్నప్పుడు మందు ముట్టకూడదు కాబట్టి బిళ్ల ఆగేది, మచ్చలు చల్లబడేవి, వేపాకుకి పేరొచ్చేది.

ఆ మందు నీ ఒంటికి పడదు, పడనిదని నీ చర్మం ఎక్కడ గుర్తు పెట్టుకుందో ప్రతిసారీ అక్కడే తిరగబడుతుంది అని చెప్పారు ఆయన. మర్నాడు ఆ బిళ్లల పొట్లం తెప్పించుకుని చూసి, ఒక కాగితం మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ఆ మందు అసలు పేరు రాసిచ్చారు. దుకాణంలో అమ్మే పేర్లు మారతాయట, ఈ పేరు మారదట, బిళ్లల పొట్లం మీద చిన్న అక్షరాల్లో ఉంటుందట.

కాగితం ఇంట్లో చదివి వినిపించాను. మా అత్త అడిగింది న్యాయమైన ప్రశ్నే.

"నా కొడుకు తింతన్నాడు, నాను తింతన్నాను. మాకు రానిది నీకెలగొత్తాది?"

వదిన దగ్గరికి వెళ్లి చదివాను. "కాయితాలకేటి పైడీ, ఎన్నైనా రాత్తారు" అంది. చిట్టి లోపల గదిలో ఉంది. కనిపించలేదు.

జూలై

మళ్లీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. మావాళ్ల కళ్లముందు నాకా బిళ్ల ఇవ్వమన్నాను. ఆయన కుదరదన్నారు. కొందరికి ఒక్క బిళ్లతోనే ఒళ్లంతా పొక్కిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది అని కోప్పడ్డారు. వారం ఆగి మళ్లీ వెళ్లాను, మళ్లీ అదే మాట. మూడోసారి వెళ్లి, నా కూతురు నన్ను మరిచిపోతోంది డాక్టర్ సాబ్ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బిళ్లలో పావు, తన గదిలోనే, సాయంత్రం దాకా ఎక్కడికీ కదలకూడదు అన్నారు. ఇది చదివి ఎవరూ ఇంట్లో ఇలాంటి పని చేయకండి. నేను మొండిదాన్ని, పక్కన డాక్టరున్నాడు, అయినా ఆయన చేతులు ఆ రోజు నాలుగైదుసార్లు నా నాడి చూశాయి.

మావాళ్లని కదిలించడానికి ఒక్కటే మార్గం కనిపించింది. పందెం. "మచ్చలు రాకపోతే ఇరవైఒక్క మంగళవారాలూ మాట్లాడకుండా చేస్తాను. చిట్టిని ఇంకెప్పుడూ అడగను. వస్తే, అదే రోజు నా కూతురు నా ఇంటికి రావాలి."

"ఏటా మాటలు?" అన్నాడు మా ఆయన. కానీ సెలవు పెట్టాడు. వదిన చిట్టిని చంకనేసుకుని వచ్చింది. అత్త కొంగుముడితో వచ్చింది. ఆ ముడిలోంచే ఒక బిళ్ల తీసి డాక్టరు గారికిచ్చాను, వేరే బిళ్ల అని తర్వాత ఎవరూ అనకుండా. డాక్టరు గారు మా ఆయన తెచ్చిన పొట్లం కూడా అడిగి, పేరు చూసి, పావుగా విరిచారు. పది గంటలకి మింగాను.

ఒక గంట గడిచింది. ఏమీ లేదు. చిట్టి నేలమీద కూర్చుని వదిన చెప్పుతో ఆడుకుంటోంది. నేను పిలిచానా, అటు తిరిగిపోతోంది. రెండో గంటా గడిచింది. వదిన మా ఆయనతో మెల్లిగా, "ఏటీ రాలేదురా" అంది. ఐదు నెలలు ఆ మచ్చలు పోవాలని మొక్కినదాన్ని, ఆ బల్లమీద కూర్చుని రావాలని మొక్కాను. తల్లీ, నీకూ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు, అయినా ఒక్కసారి సాయం పట్టు అని మనసులో అన్నాను. నవ్వితే నవ్వండి.

పన్నెండు దాటాక మణికట్టు చురుక్కుమంది. ఇంకాసేపు ఆగాను. మచ్చ చుట్టూ ఎరుపు అంచు తేలింది. అప్పుడు చెయ్యి తీసుకెళ్లి మా అత్త ఒళ్లో పెట్టాను.

"సూడత్తా."

ఆవిడ చూసింది. ఎడమచెయ్యి లాక్కుని అదీ చూసింది. నా గడ్డం పట్టుకుని పెదవి చూసింది. పొద్దున్న ఇంటిదగ్గర నల్లగా ఉన్న మచ్చలన్నీ ఆవిడ కళ్లముందే ఎర్రబడుతున్నాయి. ఈ రోజు మంగళవారం కాదు, ఉపవాసం లేదు, పొద్దున తన చేతి అట్లు తినే వచ్చాను.

ఆవిడ లేచి డాక్టరు గారి బల్ల దగ్గరికి వెళ్లింది. కొంగుముడి విప్పి మిగిలిన బిళ్లలు ఒక్కొక్కటే ఆయన ముందు పెట్టింది.

"నానే పెట్టినాను బాబూ. ప్రెతిసారీ నా సేత్తోనే పెట్టినాను."

డాక్టరు గారికి తెలుగు రాదు. అయినా లేచి నిలబడ్డారు. ఆ రోజు కోసం నేను నెలల తరబడి కొన్ని మాటలు నూరి పెట్టుకున్నాను, మంచి కారంగా. ఒక్కటీ బయటికి రాలేదు. "తలనొప్పి తగ్గాలనే కదత్తా పెట్టినావు" అన్నాను. ఆవిడ అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

వదిన పిల్లని ఎత్తి నా చేతుల్లో పెట్టింది. చిట్టి బిగుసుకుపోయి, నన్ను తన్ని, వదిన కోసం చేతులు చాపి ఏడ్చింది. బస్సులో టాటానగర్ దాకా ఏడుస్తూనే ఉంది. నేను కలలు కన్న గెలుపు అది కాదు. అయినా దించలేదు.

తర్వాత

మూడు రోజులు చిట్టి మా అత్త దగ్గరే పడుకుంది. నాలుగో రోజు నేను మిషను తొక్కుతుంటే వచ్చి, కిందపడ్డ దారపు ఉండ తీసి, కాసేపు ఆలోచించి నాకిచ్చింది. ఆ రోజు కుట్టిన జాకెట్టు చంకలు రెండూ తేడా వచ్చాయి.

మచ్చలు నెమ్మదిగా పలచబడ్డాయి. మణికట్టుది పూర్తిగా పోలేదు. నేను దాన్ని కప్పుకోలేదు. కుళాయి దగ్గరికి జాకెట్టు చేతులు పైకి మడుచుకునే వెళ్లాను. గుడ్డలు వెనక్కి తీసుకుపోయిన ముగ్గురూ దసరాకి మళ్లీ వచ్చారు. కుట్టాను, కాకపోతే పండగ వెళ్లాక ఇచ్చాను. మిగిలిన మంగళవారాల సంగతి మా అత్త భయంభయంగా అడిగింది. దీపం పెడతాను, తిని పెడతాను అన్నాను. ఇప్పటికీ అలాగే పెడుతున్నాను, ఆవిడకీ నాకూ మధ్య ఏ గొడవా లేదు.

చలికాలంలో పచ్చబొట్లు పొడిచే ఆవిడ మా వరసలోకి వచ్చింది. మా అత్తే పిలిచి కూర్చోబెట్టింది. డాక్టరు గారి కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"కాయితం సిరిగిపోద్ది. నాకు సదువు రాదు. రేపొద్దున నీకు ఒంటిమీద తెలివి లేకపోతే డాకటేరుకి నానేటి సెప్పగల్ను? సెయ్యైతే సూపిత్తాను."

పొడిచే ఆవిడకీ చదువు రాదు. గుడ్డల మీద గీతలు గీసే సుద్దతో కాగితం చూసి నేనే ముంజేతి మీద అక్షరాలు రాసుకున్నాను. ఆవిడ వాటిమీద పొడిచింది. మా అత్త రెండో చెయ్యి పట్టుకుని కూర్చుంది. మా ఆయన షెడ్డు నుంచి వచ్చి చూసి, "నా పేరు పొడిపించుకోమంటే నొప్పన్నావు" అన్నాడు. నీ పేరు మరిచిపోయినా నేను చావను అన్నాను.

ఆ మందు పేరు ఇక్కడ రాయడం లేదు. అది మా ఆయన నడుముకి మంచిదే, నాకే చెడ్డది. మీకు చెడ్డది ఇంకేదో అయి ఉండొచ్చు. మచ్చ వస్తే అంతకుముందు నోట్లోకి ఏం వెళ్లిందో వరసగా గుర్తు చేసుకోండి, అంతే. దేవతలని చివర్న అడగండి.

1981 జనవరి

ఈ జనవరిలో మళ్లీ గట్టిగా జ్వరం వచ్చింది. రెండు దుప్పట్ల కింద వణుకుతున్నాను. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. సావిత్రీ దీదీ వాళ్లబ్బాయి ఎక్కడినుంచో తెచ్చిన బిళ్లల అట్ట ఒకటి ఇచ్చి వెళ్లింది. కొత్త పేరు, ఎర్రటి పెద్ద అక్షరాలు, బిళ్ల రంగు కూడా వేరే. మా అత్త అటూ ఇటూ తిప్పి చూసి, ఇది అది కాదులే అని ఒక బిళ్ల విడదీసి నన్ను లేపి కూర్చోబెట్టింది.

చిట్టి ఒకటో తరగతి. మూలన కూర్చుని పలక మీద ఇంగ్లీషు అక్షరాలు దిద్దుకుంటోంది. మేం తెలుగులో ఏమడిగినా దానికి జవాబు హిందీలోనే వస్తుంది.

"రుకో మామ్మా" అని అత్తని ఆపుతూ లేచి వచ్చింది.

అట్ట తీసుకుని నా పక్కన మంచమెక్కింది. దుప్పటి తీసి నా చెయ్యి బయటికి లాగింది. ఎర్రటి పెద్ద పేరు వదిలేసి, కింద చీమల్లా ఉన్న చిన్న అక్షరాల మీద ఒక వేలు పెట్టింది. రెండో చేతి వేలు నా పచ్చబొట్టు మీద పెట్టింది. ఒక అక్షరం అక్కడ, ఒక అక్షరం ఇక్కడ, పెదవులు కదుపుతూ చివరిదాకా వెళ్లింది. మా అత్త బిళ్ల పట్టుకుని నిలబడింది.

"వహీ హై" అంది చిట్టి, ఇది అదేనని. "మత్ ఖా, అమ్మా."

మా అత్త ఆ బిళ్ల దూరంగా విసిరేసి, తడిగుడ్డ తేవడానికి వెళ్లింది. చిట్టి సరిగ్గా చూశానా లేదా అని మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది. నా ఒళ్లు కాలిపోతోంది, దాని వేలు చల్లగా ఉంది. ఈ చెయ్యి ముట్టుకుంటుందనే కదా దాన్ని నా దగ్గర్నుంచి తీసుకుపోయారు. మచ్చ పక్కనుంచి మొదలుపెట్టి, ఒక్క అక్షరమైనా వదలకుండా, అన్నిటినీ ముట్టుకుంది.